సీమ కక్షలు: ఎవరు ఎక్కడ నిలబడి చూశారు

నంద్యాల జిల్లాలో బనగానపల్లె, కోవెలకుంట్ల, అవుకు, ఉయ్యాలవాడ మండలాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. నల్లరేగడి చేలల్లో శనగ, జొన్న, పత్తి పండుతాయి. మెట్టల్లో నాపరాయి గనులున్నాయి. ఈ పల్లెల్లోనూ, అటు కడప వైపు పల్లెల్లోనూ మనుషులు పార్టీలు కట్టి ఎందుకు కొట్టుకున్నారు, ఎందుకు చంపుకున్నారు అన్న ప్రశ్నకు రెండు వందల ఏళ్లుగా జవాబులు వస్తూనే ఉన్నాయి. కలెక్టర్లు చెప్పారు, పోలీసులు చెప్పారు. సమాజ శాస్త్రవేత్తలు, చరిత్రకారులు, హక్కుల కార్యకర్తలు, కథకులు, సినిమావాళ్లు అందరూ చెప్పారు. ఒకరి జవాబు మరొకరి జవాబుతో కలవదు.

ఈ జవాబుల్ని వరసగా పరిశీలించడమే ఇక్కడ నా పని. ప్రతి జవాబూ తన వెంట ఒక మందును కూడా తెచ్చింది. కక్ష నెత్తురులో ఉందని నమ్మినవాడు లాఠీని నమ్ముకున్నాడు. కరువులో ఉందని నమ్మినవాడు కాలువ అడిగాడు. కాంట్రాక్టుల్లో ఉందని నమ్మినవాడు రాజకీయాల్ని కడగమన్నాడు. కారణం తప్పుగా పట్టుకుంటే ఊళ్లకు ఊళ్లు ఆ తప్పుకు మూల్యం చెల్లిస్తాయి. రాయలసీమలో అది జరిగింది. అందుకే ఇది పుస్తకాలవాళ్లు తమలో తాము తేల్చుకోవలసిన చర్చగా నాకు ఎప్పుడూ కనిపించలేదు.

మొదటి జవాబు కంపెనీ దొరలది. 1800లో నిజాం ఈ జిల్లాల్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఇక్కడ ఎనభై మంది పాలెగాళ్లు ఎదురయ్యారు. కోటలు, సొంత బంట్లు, తరతరాల హక్కులు ఉన్నవాళ్లు వాళ్లు. 1807లో మన్రో వెళ్లిపోయే నాటికి వాళ్లలో చాలామంది బలం పోయింది. కొందరిని సైన్యంతో అణిచారు, కొందరికి పింఛను కట్టి కూర్చోబెట్టారు. మన్రో దృష్టిలో పాలెగాడంటే శిస్తుకు అడ్డం. రైతుకూ సర్కారుకూ మధ్య ఎవరూ ఉండకూడదన్న రైత్వారీ ఆలోచన ఆయనది. ఆ చూపులో పాలెగాడి సాయుధ బలగం ఒట్టి అరాచకంగానే కనిపిస్తుంది. పల్లెను దోపిడీ దండు నుంచి కాపాడేదీ, చెరువు తెగితే జనాన్ని కూడగట్టేదీ అదే బలగమన్న సంగతి శిస్తు లెక్కలో పట్టదు. పాలెగాళ్లు ధర్మప్రభువులని నేను అనడం లేదు. వాళ్ల దౌర్జన్యాలకు సాక్ష్యం బోలెడుంది. శిస్తు వసూలు చేసేవాడు రాసిన కాగితమే ఆ కాలానికి మనకు మిగిలిన ముఖ్య సాక్ష్యం అన్నది మాత్రం మరవకూడదు.

ఆ కాగితం ఎట్లా పనిచేస్తుందో చూడాలంటే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంటే మంచి ఉదాహరణ లేదు. పింఛను మీద బతికే పాలెగాళ్ల వంశం ఆయనది. 1846లో పింఛను తగాదా ముదిరింది. ఊళ్ల కాపలా చూసే కట్టుబడి బంట్రోతుల ఇనాము భూములు సర్కారు లాక్కుంటున్న రోజులవి. ఆ కట్టుబడులే ఆయన వెంట నడిచారు. జూలైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు, తహశీల్దారును చంపారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని కోవెలకుంట్లలోనే ఉరి తీశారు. తలను కోట బురుజుకు వేలాడదీసి ఏళ్ల తరబడి అట్లాగే ఉంచారు. కడప కలెక్టర్ కాక్రేన్ దస్త్రాల్లో ఇదంతా తిరుగుబాటుదారు నేరాల జాబితా. రేనాటి పల్లెల జానపదుల నోట అదే మనిషి వీరుడు. తంగిరాల వెంకట సుబ్బారావు ఆ పాటల్ని సేకరించి ‘రేనాటి సూర్యచంద్రులు’ పుస్తకంగా తేకపోయి ఉంటే బయటి లోకానికి కలెక్టరు మాట ఒక్కటే దక్కేది. రాజ్యం రాసిన వచనంలో తిరగబడ్డవాడి ఉద్దేశం ఎట్లా మాయమవుతుందో చరిత్రకారుడు రణజిత్ గుహ 1983లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో చూపించాడు. ఆయన చెప్పినదానికి కోవెలకుంట్ల దస్త్రం అచ్చంగా సరిపోతుంది.

ఆ పుస్తకం పేరులోని రెండో వ్యక్తి నాకు ఇంకా ముఖ్యం. ఆయన బుడ్డా వెంగళరెడ్డి. ఆయనదీ ఉయ్యాలవాడే, అదే కులం. 1866 కరువులో గంజి కేంద్రాలు పెట్టి వేల మంది ప్రాణాలు నిలబెట్టాడు. విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం అందుకున్నాడు. ఇరవై ఏళ్ల తేడాలో ఒకే ఊరు ఇద్దరిని ఇచ్చింది. ఒకరిది కత్తి, మరొకరిది గంజి. సీమ మనుషుల పౌరుషం, సీమ నేల వేడి అంటూ స్వభావంతో అన్నీ తేల్చేసేవాళ్లు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి జవాబు చెప్పాలి. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

కంపెనీ పోయి రాణి పాలన వచ్చాక జిల్లా మాన్యువళ్ల కాలం మొదలైంది. కర్నూలు జిల్లా మాన్యువల్ 1886లో వచ్చింది. రాసింది నరహరి గోపాలకృష్ణమ చెట్టి అనే తెలుగు అధికారి. నేలలు, పంటలు, కులాలు, శిస్తు, కరువు, అన్నీ అందులో పద్దులుగా ఉంటాయి. ఇదే మనిషి 1872లో ‘శ్రీరంగరాజ చరిత్ర’ రాశాడు. తొలి తెలుగు నవల ఏదన్న చర్చ వచ్చినప్పుడల్లా ఆ పుస్తకం పేరు వస్తుంది. ఈ దేశపు జనుల ఆచారాల్ని చూపే రచనలు కావాలన్న వైస్రాయి మేయో ప్రకటన ఆ రచనకు ప్రేరణ. లంబాడీల మధ్య పెరిగిన పిల్లకూ ఒక రాజకుమారుడికీ మధ్య ప్రేమ ఆ కథ. ఒకే చేయి నవల రాసినప్పుడు లంబాడీ తండాలో మనసున్న మనుషులు కనిపించారు. సర్కారుకు రాసినప్పుడు కులాల పట్టిక కనిపించింది. ఇందులో ఆయన్ని తప్పుపట్టేదేమీ లేదు. ఎవరి కోసం రాస్తున్నామన్నది ఏం కనిపిస్తుందో చాలావరకు ముందే తేల్చేస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ అధికారిక చూపు పోలీసు స్టేషనుకూ, అక్కడి నుంచి పత్రికల జిల్లా పేజీకీ చేరింది. పల్లెలో హత్య జరిగితే వార్తలో ఒక వాక్యం తప్పక ఉంటుంది: పాత కక్షలే కారణమని పోలీసులు భావిస్తున్నారు. ఆ వాక్యంతో విచారణ ముగిసిపోతుంది. ఆ కక్ష ఏ పొలం గట్టు మీద పుట్టింది, ఏ సొసైటీ ఎన్నికలో ముదిరింది, ఏ వేలంపాటతో నెత్తురుదాకా వెళ్లింది అని అడిగేవారుండరు. పోలీసు మందు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. రౌడీషీటు, బైండోవరు, ఊళ్లో పికెట్. ఇవి అనవసరమని నేను అనను. ఊరికి పికెట్ వచ్చాకనే కంటినిండా నిద్రపోయిన ఇళ్లున్నాయి. కానీ ఆ మందు వేడిని తగ్గిస్తుంది గానీ, జబ్బెక్కడుందో అడగదు.

1950ల తర్వాత సమాజ శాస్త్రవేత్తలు పల్లెల్లోకి వచ్చారు. ఇక్కడి నుంచి ప్రశ్న చాలా లోతు పోతుంది. ఆస్కార్ లూయిస్ 1954లో ఢిల్లీ దగ్గరి ఒక పల్లెలోని ముఠాల మీద పుస్తకం వేశాడు. పాల్ బ్రాస్ 1965లో ఉత్తరప్రదేశ్ కాంగ్రెస్‌లోని ముఠా రాజకీయాల్ని విప్పి చూపాడు. ఈ రెండూ చదివిన సీమవాడికి మొదట కలిగేది ఊరట. ముఠా మన ఒక్కరి సొత్తు కాదని తెలుస్తుంది. పదవులు తక్కువై ఆశించేవాళ్లు ఎక్కువైన ప్రతిచోటా మనుషులు ఒక పెద్దమనిషి వెనక చేరతారు. గంగా మైదానంలో దానికి నాటుబాంబు పేరు రాలేదు, ఇక్కడ వచ్చింది. అంటే అడగవలసిన ప్రశ్న మారాలి. ముఠా ఎందుకు ఉంది అన్నది పక్కన పెట్టి, ఇక్కడి ముఠా ఆయుధం దాకా ఎందుకు పోయింది అని అడగాలి.

మన రాష్ట్రం గురించి కెరొలిన్ ఎలియట్ రాసిన వ్యాసం రజనీ కొఠారీ సంపాదకత్వంలో 1970లో వచ్చిన ‘కాస్ట్ ఇన్ ఇండియన్ పాలిటిక్స్’ సంపుటంలో ఉంది. రెడ్లు, కమ్మవాళ్లలోని ముఠాల గురించి అది. ఊరి మీద ఒకే కులం పెత్తనం గట్టిగా ఉన్నచోట పోటీ ఆ కులం లోపలే పుడుతుంది. సీమ పల్లెల్ని ఎరిగినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఎగువింటి రెడ్డికి ఎదురు నిలిచేది దిగువింటి రెడ్డే. తక్కిన కులాలవాళ్లు ఇద్దరి మధ్యా చీలిపోతారు. ఒకే వాడలో అన్నది ఒక పార్టీ, తమ్ముడిది ఇంకో పార్టీ. కులం మాత్రమే చూసేవాడికి ఈ చీలిక అర్థం కాదు.

చరిత్రకారుల్లో నాకు అన్నిటికంటే బలంగా తోచిన వివరణ డేవిడ్ వాష్‌బ్రూక్‌ది. 1970లలో మద్రాసు రాజధాని మీద పనిచేస్తూ ఆయన తడి జిల్లాలకూ మెట్ట జిల్లాలకూ తేడా పట్టుకున్నాడు. డెల్టాలో నీళ్లున్నాయి. కాస్త భూమి ఉన్న రైతు కూడా పండించి అమ్ముకోగలడు, అప్పు పుట్టించుకోగలడు. మెట్టలో వాన తప్పితే చాలా ఇళ్లకు విత్తనం కూడా మిగలదు. గరిసెలో జొన్న, కొట్టంలో ఎద్దులు, అప్పిచ్చేందుకు డబ్బు ఉన్న ఇళ్లు ఊరికి ఒకటో రెండో. మిగిలిన ఊరంతా ఆ ఇళ్ల మీద ఆధారపడి బతకాలి. పైగా ఆ ఇళ్లలోనే రెడ్డిరికం, అంటే గ్రామ మునసబు పదవి ఉంటుంది. శిస్తు రెమిషన్ ఎవరికి రాయాలి, ఎవరిని వదిలేయాలి అన్నది వాళ్ల చేతిలో పని. అందువల్ల ఊరు పేద గొప్ప అని అడ్డంగా చీలకుండా, ఈ ఇల్లు ఆ ఇల్లు అని నిలువుగా చీలింది.

కరువు ఈ కట్టడిని ఎంత బిగించిందో ఊహించడానికి ఒక్క లెక్క చాలు. 1876–78 ధాతు కరువు తర్వాత 1881 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనం 1871తో పోలిస్తే దాదాపు నాలుగో వంతు తగ్గారు. అప్పటికే కర్నూలు–కడప కాలువ ఉంది. ఒక ప్రైవేటు కంపెనీ 1860లలో తవ్వి, అది నష్టాల్లో పడితే 1882లో సర్కారు తీసుకున్న కాలువ అది. అయినా జిల్లాలో ఎక్కువ భాగానికి ఆ నీటి తడి తగల్లేదు. నాలుగిళ్లలో ఒకటి ఖాళీ అయిన ఊళ్లో మిగిలినవాడు ఎవరి గరిసె వల్ల మిగిలాడో ఆ ఇంటికి ఎదురు తిరగడు. వాడి కొడుకూ తిరగడు. విశ్వాసం అని మనం గొప్పగా చెప్పుకునే దానికి చాలాచోట్ల ఇదీ మూలం.

వాష్‌బ్రూక్ చూపులో లోటు ఒకటుంది. ఆధారపడ్డ మనిషి అందులో బొమ్మలా ఉంటాడు, నాయకుడు తిప్పితే తిరుగుతాడు. దీన్నే డేవిడ్ హార్డిమన్ 1982లో ‘సబాల్టర్న్ స్టడీస్’ మొదటి సంపుటంలో గట్టిగా విమర్శించాడు. ముఠా సిద్ధాంతం రాజకీయాన్ని నాయకుల ఎత్తులుగానే చూస్తుందనీ, కింది జనానికి సొంత లెక్కలు, సొంత ఆశలు ఉంటాయన్నది దానికి పట్టదనీ ఆయన వాదన. హార్డిమన్ పనిచేసింది గుజరాత్ రైతుల మీద. అయినా ఆ విమర్శ సీమకు పనికొస్తుంది. ఎందుకంటే సీమలో చచ్చినవాళ్లలో, జైలుకు పోయినవాళ్లలో పేదలే ఎక్కువ. నాయకుల ఫొటోలు పేపర్లో వచ్చాయి. వాళ్ల వెనక పోయిన జీతగాళ్లు, కూలీలు, మాల మాదిగలు, బోయలు కేసులో ఏ5, ఏ9, ఏ14 నిందితులుగా మిగిలారు. ఆ ఏ14 ఎందుకు పోయాడు? భయంతోనా, బాకీతోనా, రెండెకరాల సర్కారు భూమికి డీకేటీ పట్టా ఇప్పిస్తారన్న ఆశతోనా, ఊళ్లో తలెత్తుకు తిరగడానికి అదొక్కటే దారిగా కనిపించా? ఈ ప్రశ్నను పరిశోధనగా అడిగినవాళ్లు తక్కువ.

మనస్తత్వ శాస్త్రం దగ్గరికి వద్దాం. ఎదుటివాడు ఒక పని చేస్తే అది వాడి బుద్ధి అంటాం, అదే పని మనం చేస్తే పరిస్థితి అంటాం. ఇందులోని మొదటి పొరపాటుకు లీ రాస్ 1977లో పేరు పెట్టాడు గానీ, పార్టీలున్న ఊరికి రెండూ ముందు నుంచీ తెలుసు. మనవాడు కత్తి పడితే ప్రాణం కాపాడుకోవడానికి. ఎదుటి పార్టీవాడు పడితే వాడి వంశమే అంత. ఊరి మీద బయటివాళ్లు వేసే ముద్రలో కూడా ఇదే ఉంది. హైదరాబాదులో హత్య జరిగితే భూవివాదం. జమ్మలమడుగులో జరిగితే రక్తం.

ముజఫర్ షెరీఫ్ 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో చేసిన ప్రయోగం మన చర్చకు ఇంకా దగ్గర. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు ఇరవై ఇద్దరు. ఒకరికొకరు ముందు తెలియనివాళ్లు, ఒకే తరహా ఇళ్లవాళ్లు. రెండు జట్లు చేసి, గెలిచిన జట్టుకే బహుమతి అన్నారు. కొద్ది రోజుల్లోనే తిట్లు, జెండాలు తగలబెట్టడం, గుడిసెల మీద దాడులు. తర్వాత కలిపి కూర్చోబెట్టి భోజనం పెడితే గొడవ ఇంకా పెరిగింది. తగ్గించిన పని ఒకటుంది. శిబిరానికి నీళ్లు ఆగిపోయేలా చేసి, రెండు జట్లూ కలిసి వెతికితే తప్ప దొరకని పరిస్థితి కల్పించారు. నీళ్ల కోసం రెండు జట్లు ఒకటైన ఈ కథ చదువుతుంటే సీమవాడికి తన ఊరు గుర్తుకు రాకుండా ఉండదు. కలిపి భోజనం పెట్టించే రాజీ పంచాయితీలు మా పల్లెల్లో ఎన్ని జరిగాయో, ఎన్ని నిలిచాయో పెద్దవాళ్లకు తెలుసు.

అయితే ఆ ప్రయోగానికి వెనక కథ కూడా ఉంది. అంతకు ముందు ఏడాది, 1953లో, షెరీఫ్ ఇదే ప్రయత్నం వేరే చోట చేశాడు. తమను ఎవరో ఎగదోస్తున్నారని పిల్లలు పసిగట్టారు. కొట్టుకోవడానికి ఒప్పుకోలేదు. ఆ విఫల ప్రయోగాన్ని ఆయన మూలన పెట్టేశాడు. జీనా పెర్రీ 2018లో వేసిన పుస్తకంలో ఇదంతా బయటపెట్టింది. నాకైతే గెలిచిన ప్రయోగం కంటే ఓడిన ప్రయోగమే ఎక్కువ చెబుతుంది. ఎగదోసే చేయి కనబడితే పిల్లలు కూడా ఆగిపోయారు. సీమలో ఆ చేయిని చాలాకాలం పాటు గౌరవం అనే తెర కప్పి ఉంచింది.

గౌరవం గురించి రిచర్డ్ నిస్బెట్, డోవ్ కోహెన్ 1996లో ఒక పుస్తకం రాశారు. అమెరికా దక్షిణాదిలో చిన్న అవమానానికే తుపాకి తీసే అలవాటుకు కారణం అక్కడికి వలసవచ్చిన పశుల కాపరుల జీవితమని వాళ్ల వాదన. ప్రభుత్వం దూరంగా ఉన్నచోట ఆస్తిని కాపాడేది ఒక్కటే: వీడి జోలికి పోతే ఊరుకోడు అన్న పేరు. ఇది సీమకు కొంత వరకు అతుకుతుంది. పొలం తగాదా కోర్టులో ఇరవై ఏళ్లు నానే చోట ఊరుకోడన్న పేరుకు నిజంగానే విలువ ఉంది. కానీ ఈ వాదం అలవాటు ఎట్లా నిలిచిందో చెబుతుంది గానీ, ఎట్లా తగ్గిందో చెప్పలేదు. గడిచిన ఇరవై ఏళ్లలో సీమ పల్లెల్లో ముఠా దాడులు బాగా తగ్గాయి. గౌరవం మీద ఉన్న పట్టింపు అంతగా తగ్గలేదు. తగ్గింది ఊరి పెత్తనం వల్ల వచ్చే లాభం.

ఈ లాభం సంగతిని తెలుగులో అందరికంటే తేటగా చెప్పింది హక్కుల ఉద్యమం. కె. బాలగోపాల్ (1952–2009) గణిత శాస్త్రం నేర్పుతూ పౌరహక్కుల పనిలోకి వచ్చినవాడు, తర్వాత న్యాయవాది. ఊరి పెద్దల తగాదాగా ఉన్నదాన్ని కొత్త తరం నాయకులు ఎన్నికలకూ కాంట్రాక్టులకూ గనులకూ ఎట్లా పెట్టుబడిగా మార్చుకున్నారో ఆయన రాతల్లో కనిపిస్తుంది. ఫ్యాక్షన్ పాత ఫ్యూడల్ అవశేషమని, చదువులు పెరిగితే అదే పోతుందని చాలామంది అనుకుంటున్న కాలంలో, అది ఎంత ఆధునికమైన వ్యాపారమో చూడమన్నవాళ్లు హక్కుల కార్యకర్తలు.

తేదీలు కూడా ఈ వాదం పక్కనే నిలబడతాయి. 1959లో పంచాయతీరాజ్ వచ్చి సమితి పదవులు పుట్టాయి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల వారసత్వ పదవుల్ని రద్దు చేసింది. రెడ్డిరికం పోతే ముఠాలు పోవాలి కదా, పోలేదు. పోటీ సారా వేలంపాటలకూ, రోడ్డు పనులకూ, గనుల లీజులకూ మళ్లింది. 1993లో సారా మీద నిషేధం వచ్చాక ఆ సొమ్ము దారి ఒకటి మూసుకుంది. ఆపైన ఇసుక, రాయి, నగరాల్లో భూములు. లాభం ఊరు దాటి పోయేకొద్దీ ఊళ్లో మనుషుల్ని మేపే అవసరం తగ్గింది. నాయకుల పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో స్థిరపడ్డారు. ఊళ్లో మిగిలిన అనుచరుడు చేలో శనగ వేసుకుంటున్నాడు, లేదంటే గనికి కూలికి పోతున్నాడు. నెత్తురు మారలేదు. లెక్క మారింది. నా తీర్పు ఇదే: కక్షల తగ్గుదలను వివరించగలిగేది స్వభావ వాదం కాదు, లాభ వాదం.

సినిమా చూపు గురించి కటువుగా మాట్లాడక తప్పదు. 1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, 2003లో ‘ఒక్కడు’. ఆరేళ్లలో సీమ అంటే లోకానికి ఒకే దృశ్యం అయిపోయింది. ఊరు నిజంగా అలసిపోయి కక్షలు వదులుకుంటున్న రోజుల్లోనే తెర మీద కక్షలు ఊపందుకున్నాయి. ఆ సినిమాల్లో కరువు లేదు, కూలీ లేడు, కోర్టు వాయిదా లేదు, జైలు ములాఖత్ లేదు. నాయకుడి పగ ఒక్కటే ఉంది, అదీ ధర్మంగా ఉంది. చదువు కోసం, ఉద్యోగం కోసం రాజధానికి పోయిన సీమ పిల్లలు తమ యాస విప్పగానే బాంబుల గురించిన ప్రశ్నలు ఎదుర్కొన్నారు. ఇల్లు అద్దెకు దొరకడం దగ్గర కూడా ఆ ముద్ర అడ్డం వచ్చింది. 2018లో ‘అరవింద సమేత వీరరాఘవ’ యుద్ధం ఆపడం గురించి, ఆడవాళ్ల మాట వినడం గురించి మాట్లాడింది. ఆ మార్పును మెచ్చుకుంటాను. ఇరవై ఏళ్లు ఆలస్యమైందన్న బాధా ఉంది.

సీమ కథకుల పని దీనికి పూర్తిగా ఎదురు. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ తరం ముందు కరువును రాసింది, బోరు ఎండిన రైతును రాసింది, ఊరు వదిలిన కుటుంబాన్ని రాసింది. కక్ష వాళ్ల కథల్లో వచ్చినా బతుకులో భాగంగా వస్తుంది. మనిషిని మింగేసే పెద్ద వీరగాథగా రాదు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ (2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన నవల) పాలెగాళ్ల కాలాన్ని కోట లోపలి నుంచి కాక, కోట కోసం చచ్చినవాళ్ల వైపు నుంచి చూపింది. మన్రో కాగితాల్లో లేని మనుషులు ఆ నవలలో ఊపిరి పీలుస్తారు. శాస్త్రవేత్తలు చూడలేనిదాన్ని కథకుడు చూడగలడనడానికి నాకు ఇదే సాక్ష్యం. నవలను ఆధారంగా తీసుకోలేమని చరిత్రకారులు అంటారు, నిజమే. ఏ ఆధారం వెతకాలో మాత్రం నవల చెప్పగలదు.

ఊళ్లోవాళ్లు తమకు తాము చెప్పుకునే వివరణ ఇంకొకటి ఉంది, దాన్ని పండితులు పట్టించుకోరు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ, రవ్వలకొండలో కూర్చుని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశాడని ఇక్కడి జనం నమ్మకం. ఊళ్లో ఘోరం జరిగిన ప్రతిసారీ బ్రహ్మంగారు ముందే చెప్పాడన్న మాట వినిపిస్తుంది. ఇది విధికి లొంగిపోవడం అని తోసేయడం తేలిక. అదే బ్రహ్మంగారు దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా చేసుకున్నాడని, కులాల హెచ్చుతగ్గుల్ని తిట్టాడని కూడా ఇదే జనం తత్వాల్లో పాడుకుంటారు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి పగ తీర్చుకోమని చెప్పే గొంతులు ఊళ్లో చాలా ఉంటాయి. ఇది కాలం చేసిన పని, ఇక చాలు అని చెప్పే గొంతు ఇదొక్కటే. అట్లా ఎన్ని పగలు ఆరిపోయాయో ఏ దస్త్రమూ లెక్క కట్టదు.

తల్లి మాట వచ్చింది కాబట్టి అసలు లోటు దగ్గరికి వస్తాను. మానవ శాస్త్రవేత్త మాక్స్ గ్లక్‌మన్ 1955లో ఆఫ్రికా తెగల పగల గురించి చెప్పిన మాట ఒకటుంది. ఒక మనిషికి రెండు వైపులా చుట్టరికాలు ఉన్నప్పుడు పగ తనంతట తానే నెమ్మదిస్తుంది, పుట్టింటికీ మెట్టింటికీ మధ్య నలిగేవాళ్లే సంధి కోసం తిరుగుతారు. సీమ పల్లెలో అట్లా నలిగింది ఆడవాళ్లు. మేనరికాలు ఒకే పార్టీ లోపల తిరగడం ఎక్కువైనచోట ఈ కళ్లెం తెగిపోయిందేమోనని నా అనుమానం. ఎదుటి పార్టీలో మేనమామ ఉన్న ఇల్లు బాంబు వేయడానికి ఒకసారి ఆలోచిస్తుంది.

ఆడవాళ్ల పాత్ర అక్కడితో ఆగదు. మొగవాళ్లు ఊరు విడిచి దాక్కుంటే సేద్యం చేసింది వాళ్లు. వకీలుకు ఫీజు కట్టడానికి కమ్మలు కుదువ పెట్టింది వాళ్లు. కడప జైలుకు ములాఖత్‌కు బస్సెక్కింది వాళ్లు. సాక్షిగా బోనెక్కమంటే ఎక్కి, ఎక్కవద్దని బెదిరిస్తే ఆ బెదిరింపునూ మోసింది వాళ్లు. పగను రగిలించినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు, నెత్తుటి చొక్కా దాచి కొడుకుకు చూపించినవాళ్లున్నారు. అది దాచి ఆడవాళ్లను శాంతిదేవతలుగా చేస్తే అదీ అబద్ధమే అవుతుంది. మన్రో నుంచి సినిమా దాకా నేను ఇక్కడ చూసిన వివరణల్లో దాదాపు అన్నీ మొగవాళ్ల పనుల్ని మొగవాళ్లు చూసి రాసినవి. కక్ష ఎట్లా మొదలైందో అవి చెబుతాయి. ఇంటి లోపల అది ఎట్లా కొనసాగింది, ఎక్కడ ఆగింది అన్నది ఆ ఇంట్లో వంట చేసిన మనిషిని అడగకుండా తెలియదు.

బనగానపల్లె గురించి ప్రత్యేకంగా ఒక మాట. చుట్టూ ఉన్న దత్తమండలాలు కంపెనీ చేతికి పోయినా, ఈ ఊరు నవాబుల సంస్థానంగానే నిలిచింది. పాలన సరిగా లేదని మధ్యలో బ్రిటిష్‌వాళ్లు తమ చేతికి తీసుకున్న కాలాలున్నా, 1948లో దేశంలో కలిసి కర్నూలు జిల్లాలో చేరేదాకా దానికి వేరే ఉనికి ఉంది. అంటే ఒకే నేల, ఒకే వాన, ఒకే కులాలు ఉన్న పల్లెలు సరిహద్దుకు అటొకటి ఇటొకటిగా రెండు పాలనల కింద దాదాపు నూట యాభై ఏళ్లు బతికాయి. కక్షకు మూలం పాలెగాళ్ల వారసత్వమా, రైత్వారీ ఇచ్చిన రెడ్డిరికమా, ఒట్టి కరువేనా అని తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి పోలిక దొరకదు. పాత సంస్థానపు పది పల్లెలు, కోవెలకుంట్ల తాలూకా పది పల్లెలు తీసుకుని, 1948 తర్వాతి హత్య కేసుల్ని, భూమి లెక్కల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. పుస్తకాల్లో ముందే ఉన్న సిద్ధాంతాన్ని పల్లె మీద అతికించడం కంటే ఈ పని వెయ్యి రెట్లు మేలు.

కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉంది, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. వాటిలో చరిత్ర, సమాజ శాస్త్రం, తెలుగు చదివే పిల్లలు చాలామంది ఈ పల్లెల నుంచే వస్తారు. వాళ్లకు నా విన్నపం ఇది. ముఠాల మీద ఇంకో నాయకుడి జీవితకథ రాయవద్దు. మీ ఊళ్లో భర్త పోయిన అవ్వ దగ్గర కూర్చోండి. జైలు నుంచి వచ్చి గొర్లు కాసుకుంటున్న ఏ14 దగ్గర కూర్చోండి. రెండు పార్టీల ఇళ్లకూ పోండి, ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో చెప్పకండి. వాళ్లు చెప్పింది వాళ్ల యాసలోనే రికార్డు చేసి, పేర్లు మార్చి, మీ విశ్వవిద్యాలయంలోనో, కడప బ్రౌన్ గ్రంథాలయంలోనో భద్రం చేయండి. ఆ తరానికి ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు. పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి.